ఒలీవియా విన్న చుక్క

మా ఇంట్లో రోజూ సాయంత్రం ఏడు గంటలకు కుటుంబ ప్రార్థన. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక గల్లీలో, మొదటి అంతస్తులో, రెండు గదుల ఇల్లు మాది. ఆ వేళకు కింద డెమో క్లాసుల కాగితాలు పంచే కుర్రాళ్ల అరుపులు, మెయిన్ రోడ్డు మీద మెట్రో స్తంభాల కోసం తవ్వే యంత్రాల మోత ఒక్కటై పైకి వస్తాయి. కిటికీలు మూసి చాప పరుచుకుని కూర్చుంటాం. ఒక పాట, ఒక వాక్యభాగం, తర్వాత ఒక్కొక్కరం గొంతెత్తి ప్రార్థన. ఒకరు ముగించగానే మిగతావాళ్లు ఆమెన్ అనాలి.

మా నాన్న కాలం నుంచి వస్తున్న పద్ధతి ఇది. ఇందులో ఒక సౌకర్యం ఉంది. ఎదురుగా కూర్చున్న మనిషితో అనలేని మాటను దేవుడితో గట్టిగా అనవచ్చు. ఆ మనిషి చెవిన పడుతుంది, కానీ ప్రార్థనకు ఎదురు జవాబు చెప్పకూడదు. పెళ్లయిన కొత్తలో సిగరెట్లు మానమని దేవమణి నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. దేవుడితో మాత్రం ఏడాది పాటు రోజూ చెప్పింది. మానేశాను.

మా అమ్మాయి ఒలీవియా పుణే నుంచి ఇంటికి వచ్చిన వారంలో ఒక సాయంత్రం దేవమణి కళ్లు మూసుకుని మొదలుపెట్టింది.

"ప్రభువా, కింది ఇంటి బుచ్చిబాబు గారి ద్వారా నీవొక ద్వారము తెరిచినావు. పంజగుట్టల మంచి ఆఫీసు. ఏసీ సుత ఉన్నదంట. నడిచి పోయి నడిచి రావచ్చు. నీ దాసురాలి బిడ్డ ఆ ద్వారము దిక్కు చూస్తలేదు తండ్రీ. ఆమె కండ్లు తెరువుము. ఇంకెన్ని రోజులు పుణేల ఆ చుక్కల డిష్‌ల కింద కూసుంటది, నీవే చెప్పుము."

ఒలీవియా, నేను ఆమెన్ అన్నాం. తర్వాత ఒలీవియా వంతు.

"ప్రభువా, మమ్మీ మనసు నీకు తెలుసు. నా మనసు సుత తెలుసు. నువ్వు చేసిన ఆ చుక్కను నేనొకసారి విన్న. అది నా భ్రమ కాదని నాకు చూపించు. మమ్మీ బీపీ తగ్గించు. మందులు టైముకు వేసుకునే బుద్ధి ఇయ్యి."

"మందుల సంగతి దేనికి ఇప్పుడు," అని దేవమణి గొణిగింది. అంతలోనే ప్రార్థన అని గుర్తొచ్చి, ఆమెన్ అంది.

నేను రెంటికీ ఆమెన్ అన్నాను. పిల్ల ఇంట్లో ఉండాలన్నది ఒక ప్రార్థన, పిల్ల వెళ్లాలన్నది ఇంకొకటి. ఒకే నోటితో రెంటికీ ఆమెన్ చెప్పినవాణ్ణి దేవుడు ఎటువైపు వేసుకుంటాడు? పాస్టరు గారిని అడగాలనుకున్నాను గాని, ఇంటి సంగతి బయట పడుతుందని ఊరుకున్నాను.

నా పేరు దయారత్నం. సనత్‌నగర్‌లో మోటారు విడిభాగాలు చేసే చిన్న ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తాను. ఇంటర్‌తో చదువు ఆపేశాను. ఒలీవియా మాకు ఒక్కతే. జిల్లాల నుంచి పిల్లలంతా బ్యాగులు తగిలించుకుని మా గల్లీకి వచ్చి జావా నేర్చుకుంటుంటే, ఈ గల్లీలోనే పుట్టి పెరిగిన పిల్ల ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేసి, చుక్కల మీద పరిశోధన అంటూ పుణే అవతలికి వెళ్లింది. అక్కడ కొండల మధ్య పొలాల్లో పెద్ద పెద్ద రేడియో డిష్‌లు ఉన్నాయట. అవి చుక్కల వెలుగును చూడవు. చుక్కల నుంచి వచ్చే రేడియో తరంగాలను పడతాయి.

ఆమె చుక్క సంగతి వంటింట్లో చెబితేనే నాకు అర్థమైంది. దేవమణి చారులో పోపు వేసి గరిటె పెట్టబోతుంటే ఒలీవియా చెయ్యి పట్టుకుని ఆపింది.

"డాడీ, చూడు. కలపకుంటే పోపంతా పైన ఒక్కచోట చేరింది కదా. మామూలు చుక్కల్లో అన్నీ కలిసిపోయి ఉంటయ్. నా చుక్కకు పెద్ద అయస్కాంతం ఉన్నది, అది కలవనియ్యదు. అందుకని కొన్ని లోహాలు, సిలికాన్ లాంటివి పైకి తేలి మచ్చలు మచ్చలుగ ఉంటయ్. గసుంటి చుక్కలు తక్కువ. అండ్ల రేడియోల పలికేవి ఇంకా తక్కువ."

"పలుకుడంటే?"

"ఆ అయస్కాంతం చుక్క తిరిగే ఇరుసుకు వంకరగ ఉంటది. రేడియో తరంగాలు దాన్ని పట్టుకొని సన్నగ ఒక దిక్కుకే పోతయ్. చుక్క తిరుగుతుంటే ఆ దిక్కు సుత తిరుగుతది. మన వైపు వచ్చినప్పుడు ఒక్కసారి గట్టిగ వస్తది, మళ్ల ఉండదు."

"చారు చల్లారుతున్నది," అని దేవమణి గరిటె పెట్టి కలిపేసింది.

ఆ డిష్‌ల దగ్గర సెల్‌ఫోన్ ఆపి ఉంచాలి. లేకపోతే చుక్క మాట కంటే మన మాటే వాటికి పెద్దగా వినపడుతుందట. ఒలీవియా పని మీద ఉన్నన్నాళ్లూ మాకు అందదు. వీలున్నప్పుడు ఆఫీసు ల్యాండ్‌లైన్ నుంచి తనే చేస్తుంది. అది తెలిసి కూడా ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు బస్సులో కూర్చుని ఆమె నంబరు నొక్కేవాణ్ణి. స్విచ్ ఆఫ్ చేయబడి ఉంది అని చెప్పే ఆడమనిషి గొంతు నాకు బాగా అలవాటైపోయింది. మా బిడ్డ తర్వాత ఎక్కువగా విన్న గొంతు అదేనేమో.

చేరిన మొదటి ఏడాదిలోనే ఆ చుక్క ఆమెకు ఒకసారి పలికింది. ఆ రోజు ఫోన్లో ఆమె నవ్వు ఇంకా నా చెవిలో ఉంది. తర్వాత అది మళ్లీ ఇటు తిరగవలసిన వేళ లెక్కగట్టి డిష్‌లు పెట్టారు. ఏమీ రాలేదు. ఇంకోసారి పెట్టారు. రాలేదు. మొదట విన్నది చుక్కది కాదేమో, దగ్గరలో ఏ కరెంటు తీగదో అయి ఉంటుందని ఆమె సారు అన్నాడు. ఫెలోషిప్ గడువు దగ్గరికి వచ్చింది. పిల్ల బ్యాగు సర్దుకుని ఇంటికి వచ్చింది.

ఆమె వచ్చిన మర్నాడే కింది అంతస్తు బుచ్చిబాబు గారు మెట్లెక్కి వచ్చారు. తణుకు వైపు మనిషి. మా గల్లీ మొదట్లో సాఫ్ట్‌వేర్ కోచింగ్ నడుపుతారు. మంచివాడే, మాట ఎక్కువ.

"ఏంటమ్మా ఒలీవియా, ఇంకెన్నాళ్లు ఆకాశంలో ఉంటావు? పంజగుట్టలో మావాళ్ల కంపెనీ ఒకటుంది. టెస్టింగ్ పని. నీ బుర్రకి నెల చాలు, నేనే నేర్పిస్తాను. సోమవారం చేరిపో."

"థ్యాంక్స్ అంకుల్. ఆలోచిస్త."

"ఆలోచించడానికేముంది? సరేగానీ, నీకు నక్షత్రాలు తెలుసుగా. నాది విశాఖ. కూకట్‌పల్లిలో ఇంకో బ్రాంచి పెడదామనుకుంటున్నా. ఎలా ఉంటుందంటావు?"

"ట్రాఫిక్ ఎక్కువ ఉంటది అంకుల్," అంది ఒలీవియా.

బుచ్చిబాబు గారు పెద్దగా నవ్వి, సోమవారం మాట మరిచిపోవద్దని చెప్పి దిగిపోయారు.

బుధవారం మా ఇంట్లో స్త్రీల ప్రార్థన కూడిక. సంఘంలో పెద్దావిడ రాజమ్మ ఆంటీ, బిడ్డా ఏం చదువుతున్నవ్ అని ఒలీవియాను దగ్గర కూర్చోబెట్టుకుని అడిగింది. చుక్కల గురించి అంటే ఏ చుక్క అంది. కన్యారాశిలో ఉంటుందని ఈమె ఉన్నమాట చెప్పింది. రాశి అనేసరికి రాజమ్మ ఆంటీ లేచి, ఒలీవియా తల మీద రెండు చేతులూ పెట్టి, జాతకాలు చెప్పే ఆత్మ ఈ బిడ్డను విడిచిపోవాలని చాలాసేపు ప్రార్థించింది. ప్రార్థనకు ఎదురు చెప్పకూడదు కదా. పిల్ల తల వంచుకుని ఆమెన్ అంది.

ఆ సాయంత్రం నాకు టీ ఇస్తూ అదే చెప్పింది. "ఒకరేమో జాతకం చెప్పమంటరు, ఒకరేమో జాతకాల దయ్యాన్ని ఎల్లగొడ్తరు. నా చుక్క మాత్రం ఎవ్వరికీ అక్కరకు రాదు డాడీ." నవ్వుతూనే అంది. నాకే నవ్వు రాలేదు.

గురువారం నేను పని నుంచి త్వరగా వచ్చాను. ఆఫీసుకు వేసుకునే బట్టలు కొనుక్కురమ్మని దేవమణి మమ్మల్నిద్దర్నీ పంజగుట్టకు పంపింది. మెట్రో తవ్వకాలకు రోడ్డు సగం రేకులతో మూసేశారు. ఆటో వాళ్లు ఎవరూ రామన్నారు. దుమ్ములో, రేకుల పక్కన ఒకరి వెనక ఒకరం నడుస్తుంటే ఒలీవియా వెనక నుంచి అంది.

"డాడీ, ఆ చుక్క పలకకపోవుడు కాదు. మేమే తొందరపడి మూసుకొని లేచినమేమో."

"ఎట్ల?"

"మీ ఫ్యాక్టరీల గోడ గడియారం వెనకబడ్తదంటవ్ కదా. రోజుకు జరంతనే. ఊకుంటే కొన్నేండ్లకు ఎంత వెనకబడ్తది?"

"పొద్దున సైరన్ మధ్యాహ్నం కొడ్తది."

"గట్లనే. ఎవరో ఎప్పుడో కొలిచిన వేగం పట్టుకొని మేము లెక్కేసినం. పాత కొలతలన్నీ తీసి పక్కపక్కన పెట్టి చూసిన. చుక్క అప్పట్నుంచి జర జర నెమ్మదైతున్నది. మేము విని, ఏం లేదని బంద్ చేసి, చాయ్ తాగనీకి పోయినంక అది ఇటు తిరిగి ఉంటది."

నేను ఆగాను. ఎవరూ లేని వేళ అది మన వైపు తిరిగి పలికి వెళ్లిపోయిందనే మాట నాకు ఎందుకో గుచ్చుకుంది.

"వింటలేరని దానికి తెల్వదు గదా," అన్నాను.

"తెల్వదు డాడీ. అది ఎవరి కోసం పలకదు. తిరుగుతది, అంతే."

"మీ సారుకు చెప్పినవా?"

"పొద్దున మెయిల్ పెట్టిన. సగం నమ్మిండు. ఆదివారం పగటిపూట డిష్‌లు కొంచెం సేపు ఖాళీ ఉన్నయంట. వచ్చి పెట్టుకో అన్నడు. అదే ఆఖరు. అప్పుడు సుత రాకపోతే ఈ సంగతి బంద్."

పగలు కూడా చుక్కలు వినవచ్చని నాకు అప్పుడే తెలిసింది. రేడియోకు ఎండ అడ్డం కాదట.

"రాకపోతే ఏం చేస్తవ్?"

"ఇంటికొస్త. బుచ్చిబాబు అంకుల్ చెప్పిన ఆఫీసుకో, ఇంకో ఆఫీసుకో పోత. మళ్ల చుక్క మాట ఎత్తను."

"వస్తే?"

పంజగుట్ట ఫ్లైఓవర్ కనిపించే దాకా నడిచాం.

"వస్తే ఇంకా రెండు మూడేండ్లు అక్కడనే. తర్వాత ఎక్కడికి పోవాల్సొస్తదో నాకే తెల్వదు." చున్నీతో ముఖం మీద దుమ్ము తుడుచుకుంది. "డాడీ, నువ్వు పొమ్మంటే పోత. వద్దంటే సోమవారం ఆఫీసుకు పోత, అలగను. మమ్మీ ఏమంటదో నాకు తెలుసు. నువ్వేమంటవో నిజంగ తెల్వదు."

ఒక్క మాట అంటే చాలు. వద్దు బిడ్డా అంటే ఆమె ఉండిపోతుంది. పొద్దున్నే తల దువ్వుకుంటూ బాల్కనీలో నిలబడుతుంది. సాయంత్రం నేను వచ్చేసరికి గడప దగ్గర ఆమె చెప్పులు ఉంటాయి. ప్రార్థనలో ముగ్గురి గొంతులుంటాయి. నేను కోరింది ఇంతకు మించి ఏమీ లేదు. అది పాపం కూడా కాదు. మరి నోరు ఎందుకు రాలేదో తెలియదు. షాపులో రెండు జతల బట్టలు కొన్నాం. రంగు బాగుందా అని ఆమె అడిగితే బాగుందన్నాను. ఇంటికి వచ్చేదాకా మళ్లీ ఆ మాట రాలేదు.

ఆ సాయంత్రం ప్రార్థనలో చివరి వంతు నాది. దేవమణి సోమవారం చేరబోయే ఉద్యోగం కోసం ముందుగానే స్తోత్రాలు చెల్లించింది. ఒలీవియా రెండు ముక్కల్లో ముగించింది. నేను కళ్లు మూసుకున్నాను. సంఘంలో నేర్చుకున్న మాటలేవీ గుర్తుకు రాలేదు. ఇంట్లో మాట్లాడే మాటలే వచ్చాయి.

"ప్రభువా, నా బిడ్డ నా ఇంట్ల ఉండాలని నాకున్నది. నీకు దాస్తే దాగదు. ఆ చుక్క పలకకపోతే ఆమె ఇంటికొస్తది. పలికితే రాదు. ఆదివారం ఆమె అక్కడికి పోతది, నేను పంపుతున్న. ఆ చుక్కను చేసింది నువ్వు. దాన్ని వినే చెవిని ఇంత దూరంల, ఈ గల్లీల, మాకెందుకిచ్చినవో నాకు సమజైతలేదు. ఇచ్చినవ్ కాబట్టి అడుగుతున్న. ఆదివారం అది పలకాలె తండ్రీ."

ఒలీవియా ఆమెన్ అంది.

దేవమణి ఆమెన్ అనలేదు. మా పెళ్లయ్యాక ఇలా జరగడం అదే మొదటిసారి. రెండో ఆమెన్ రాకపోతే ప్రార్థన అయినట్టా కానట్టా నాకు తెలియలేదు. కళ్లు తెరవాలా వద్దా అని అలాగే కూర్చున్నాం. కింద ఎవడో ఒరాకిల్ కోర్సు, ఒరాకిల్ కోర్సు అని అరుస్తున్నాడు. కొంతసేపటికి దేవమణి మాట్లాడింది. దేవుడితో కాదు, కూతురితో.

"బస్సు ఎన్నింటికి?"

"రేపు సాయంత్రం మమ్మీ. మైత్రీవనం కాడ ఎక్కాలె."

"మరి ముందు చెప్పొద్దా? పులిహోర కలుపుదునా, చపాతీలు చేద్దునా? అన్నీ ఆఖరుకే చెప్తరు తండ్రీ బిడ్డలు." లేచి చాప చుడుతూ నా వైపు చూడకుండా అంది. "దేవుడి ముందల పెట్టి నా నోరు మూసినవ్. నేర్చినవ్ మంచిగ."

"నీ దగ్గరనే నేర్చిన," అన్నాను.

ఆ పూట నా కంచం నేల మీద కొంచెం గట్టిగానే పెట్టింది. కూర మాత్రం రెండుసార్లు వడ్డించింది.

ఆదివారం ఆరాధనలో నా మనసు నిలవలేదు. పలకాలని అడిగిన నోరు నాదే. లోపల ఎక్కడో, పలకకు, ఈ ఒక్కసారికి ఊకుండు అని ఇంకొకడు అడుగుతున్నట్టు ఉంది. పైకి చెప్పిన ప్రార్థనను వింటాడా, లోపల ఉన్నదాన్ని వింటాడా? రెండూ వినే దేవుడు ఏది చేస్తాడు? మధ్యాహ్నం డాబా మీదికి వెళ్లి నిలబడ్డాను. ఎండ తప్ప ఏమీ లేదు. ఆ ఎండ వెనక ఆ చుక్క ఉందట. ఆమె ఫోన్ ఆపి ఉంటుందని తెలుసు. అయినా నంబరు నొక్కాను. స్విచ్ ఆఫ్ అని ఆ ఆడమనిషే చెప్పింది.

మెట్లు దిగుతుంటే బుచ్చిబాబు గారు ఆపారు. "ఏంటి దయారత్నం గారూ, అమ్మాయి ఊళ్లో లేదంట. రేపు చేరాలి కదండీ."

"ఆఖరుసారి ఆ చుక్క పని చూసుకోనీకి పోయింది సార్. మీరు ఏమనుకోవద్దు."

"నేనేమనుకుంటానండీ. ఆఫీసు వాళ్లతో మీరే ఒక మాట చెప్పండి. వారం ఆగుతారేమో. మా దగ్గర ఒక్కో కుర్రాడు ఉద్యోగం కోసం సందులన్నీ తిరుగుతుంటే మీ అమ్మాయి చుక్క కోసం తిరుగుతోంది. అదృష్టవంతురాలో ఏమో, నాకు అర్థం కాదు."

సోమవారం సగం రోజు సెలవు పెట్టి పంజగుట్టలో ఆ ఆఫీసుకు వెళ్లాను. ఏసీ నిజంగానే ఉంది. మేనేజరు చిన్నవాడు, మర్యాదగా కూర్చోబెట్టాడు. వారం ఆగుతాం, అంతకు మించి కుదరదు అన్నాడు. ఆమె కూర్చోవలసిన సీటు కూడా చూపించాడు. కిటికీ పక్కన ఉంది. అక్కడి నుంచి చూస్తే అమీర్‌పేట వైపు రోడ్డంతా కనిపిస్తుంది. మంచి సీటు.

బయటికి వచ్చి ఫ్లైఓవర్ కింద బస్సు కోసం నిలబడ్డాను. ఫోన్ మోగింది. పుణే వైపు ల్యాండ్‌లైన్ నంబరు.

"డాడీ, వచ్చింది."

చుట్టూ బస్సుల హారన్లు. రెండో చెవిని అరచేత్తో మూసుకున్నాను.

"ఏమన్నవ్ బిడ్డా?"

"వచ్చింది డాడీ. నేను చెప్పిన టైముకే. నిన్ననే చూసిన, కానీ సారు అన్నీ సరిచూసే దాకా ఎవ్వరికీ చెప్పొద్దన్నడు. రాత్రంత నిద్ర పోలే. చుక్కదే డాడీ, తీగది కాదు."

స్తోత్రం అన్నాను. ఆ మాట నోటి నుంచి వచ్చింది, నిజంగానే వచ్చింది. దాని వెనకే కిటికీ పక్కన ఖాళీ సీటు కళ్లలో మెదిలింది.

"మమ్మీకి నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

"నేను చెప్త. మందులు ఇచ్చి చెప్త." కొంచెం ఆగి అడిగాను. "ఇంటికి ఎప్పుడొస్తవ్?"

అటు వైపు ఎవరో హిందీలో ఆమెను ఏదో అడిగారు, రెండు నిమిషాలు అని ఆమె చెప్పింది.

"ఏడాది పొడుగునా దాన్ని వింటనే ఉండాలె డాడీ. క్రిస్మస్‌కు ట్రై చేస్త."

"కానీయ్ బిడ్డా. ఫికర్ చెయ్యకు." బస్సు వచ్చి ఆగింది, నేను ఎక్కలేదు. "ఆ చప్పుడు నాకు వినిపిస్తవా?"

"చప్పుడు ఉండదు డాడీ. కంప్యూటర్ మీద ఒక గీత వస్తది, అంతే."

"ఆ గీతనే చెప్పు."

"ఎట్ల చెప్పాలె?"

"ఎట్లుంటే అట్లనే. మొదట్నుంచి చెప్పు. మెల్లగ."

ఆమె నవ్వింది. కుర్చీ జరుపుకున్న చప్పుడైంది. "సరే విను. మొదట నేల మీద పరిచినట్టు ఉంటది. కొంచెం కొంచెం వణుకుతుంటది, అది లెక్కలకు రాదు. చాలాసేపు అంతే. ఇగో, ఇప్పుడు జర లేస్తున్నది. లేస్తున్నది. ఇంకా పైకి పోతున్నది. డాడీ, వింటున్నవా?"

"వింటున్న."

"మస్తు ఎత్తుకు పోయింది ఇప్పుడు. ఇంత ఎత్తు ఇంతకు ముందు రాలె. ఇక్కడ కొసకు వచ్చింది. ఇప్పుడు దిగుడు మొదలు పెట్టింది."

ఇంకో బస్సు వచ్చి వెళ్లిపోయింది. అవతల ఫోన్ కోసం ఎవరో కాచుకుని ఉన్నట్టు దగ్గు వినిపించింది.

"అయిపోయిందా బిడ్డా?" అని అడిగాను.

"లేదు డాడీ," అంది ఒలీవియా. "ఇంకా కొంచెం ఉన్నది."